పండుగ కానుకగా ఒక చాకు: ఇనుము వెనుక మన చరిత్ర



ప్రతి ఏటా ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఐక్యరాజ్యసమితి ఆదివాసుల గురించి నియమించిన కార్యవర్గం 1982లో తొలిసారి సమావేశమైన రోజు అది. 1994 డిసెంబరులో ఆ తేదీని దినోత్సవంగా ప్రకటించారు. ఆ రోజు సభల్లో, దసరాకు, సంక్రాంతికి, కొత్తల పండుగకు మన పిల్లలకు, పెద్దలకు కానుకలు ఇస్తూ ఉంటాం. శాలువా, మెమెంటో, గోడ గడియారం, ప్లాస్టిక్ పూల గుత్తి. ఇచ్చినవారు మరిచిపోతారు, పుచ్చుకున్నవారు బీరువా మీద పెడతారు.

ఈసారి ఒక చిన్న చాకును కానుకగా ఇస్తే ఎలా ఉంటుంది? మడిచి జేబులో పెట్టుకునేంత చాకు. ఈ మాట అనగానే కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. "కత్తి ఇస్తే స్నేహం తెగుతుంది" అంటారు కొందరు. "మన పిల్లల చేతికి కత్తి ఇస్తే బయటివాళ్లు ఏమనుకుంటారు?" అంటారు మరికొందరు. మొదటి మాటకు జవాబు సులువు. రెండో మాటకు జవాబు చెప్పాలంటే మాత్రం మన చరిత్రలోకి వెళ్లాలి. ఎందుకంటే ఆదివాసి చేతిలోని కత్తిని పనిముట్టుగా కాక ఆయుధంగా చూడటం అనేది దానంతట అది పుట్టిన చూపు కాదు. దానికి కారణాలున్నాయి, తేదీలున్నాయి, చట్టాలున్నాయి.

మడత కత్తి ఎంత పాతది?

మడిచే కత్తి కొత్త వస్తువు అనుకుంటాం. కాదు. ఐరోపాలో ఆస్ట్రియా దేశపు హాల్‌స్టాట్ అనే ఉప్పు గనుల ఊరిలో ఎముక పిడి ఉన్న మడత కత్తి దొరికింది. అది క్రీ.పూ. 600–500 నాటిదని పండితుల అంచనా. రోమన్లు కత్తి, చెంచా, ముల్లుచెంచా అన్నీ ఒకే పిడిలో మడిచేట్టు చేసుకున్నారు. అలాంటిది ఒకటి ఇంగ్లండులోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. 17వ శతాబ్దంలో పిడి వెనుక భాగంలో స్ప్రింగు పట్టీ అమర్చడం నేర్చుకున్నాక, చాకు తెరిస్తే తెరిచి ఉండడం, మూస్తే మూసి ఉండడం సాధ్యమైంది. ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణం ఈ పనికి పేరు పొందింది.

ఆ కాలంలో చిన్న చాకుకు ముఖ్యమైన పని రాత. పక్షి ఈకతో రాసేవారు కాబట్టి ఈక మొన అరిగినప్పుడల్లా చెక్కుకోవాలి. అందుకే దానికి పెన్‌నైఫ్ అని, అంటే కలం కత్తి అని పేరు వచ్చింది. మన దక్షిణ భారతంలోనూ తాటాకు మీద రాసే గంటం, ఆకు అంచులు కోసే చాకు రెండూ ఒకే పిడిలో మడిచి పెట్టిన పనిముట్లు ఉండేవి. మ్యూజియంలలో వాటిని చూడవచ్చు. అంటే జేబులో కత్తి ఉన్న మనిషి అనగానే తగాదాకోరు అని అనుకోనక్కరలేదు. చాలాకాలం పాటు అతను రాసుకునే మనిషి.

లండన్ చాకులో మన ఉక్కు

ఇప్పుడు మన నేలకు వద్దాం. తెలంగాణలో, ఆంధ్రలో, రాయలసీమలో జనం రాకాసి గూళ్లు అని పిలిచే పెద్ద రాళ్ల సమాధులున్నాయి. వాటిని తవ్వినప్పుడు ఇనుప కత్తులు, కొడవళ్లు, బాణపు మొనలు దొరికాయి. చనిపోయినవారి పక్కన ఇనుప పనిముట్టు పెట్టి పంపేవారు. ఇనుము మీద ఆనాటివారికి ఎంత గౌరవం ఉండేదో దీన్ని బట్టే తెలుస్తుంది.

ఆ తర్వాతి శతాబ్దాల్లో ఇక్కడి కమ్మరులు ఇనుమును దాటి ఉక్కు దాకా వెళ్లారు. మట్టి మూసలో ఇనుము పెట్టి, మూతి మూసి, కొలిమిలో బాగా కాల్చి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఈ పనికి పేరుగన్న ఊరు. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు కొనుక్కుపోయేవారు. హెన్రీ వాయ్‌సే అనే ఆంగ్లేయ వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు 1820 ప్రాంతంలో ఆ పని చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. డమస్కస్ కత్తులుగా లోకమంతా పొగిడిన కత్తుల వెనుక ఇలాంటి దక్షిణ భారత ఉక్కు ఉంది.

ఈ ఉక్కునే ఇంగ్లీషువారు ఊట్జ్ అన్నారు. తెలుగు, కన్నడ భాషల్లోని ఉక్కు అనే మాటే వారి నోట్లో అలా మారిందని పండితులు ఎక్కువమంది ఒప్పుకున్న మాట. బొంబాయిలో ఉన్న హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు దీని నమూనాలను లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. జార్జ్ పియర్సన్ అనే శాస్త్రవేత్త దానిపై పరీక్షలు చేసి 1795లో వ్యాసం ప్రచురించాడు. ఆ పరీక్షల్లో భాగంగా జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల తయారీదారు ఆ ఉక్కును సాగగొట్టి ఏం చేశాడో తెలుసా? ఒక పెన్‌నైఫ్. యుద్ధ ఖడ్గం కాదు, ఒక చిన్న చాకు. అది అతనికి ఎంత నచ్చిందంటే, ఐరోపాలోని మేలైన ఉక్కు కంటే భారతదేశపు ఊట్జే మిన్న అని తన దుకాణం ప్రకటన కార్డు మీదే అచ్చు వేయించుకున్నాడు. తర్వాత ఇదే స్టోడార్ట్‌తో కలిసి మైకేల్ ఫారడే ఉక్కు మిశ్రమాలపై పరిశోధనలు చేశాడు. విద్యుత్తు గురించి మనం బడిలో చదువుకునే ఫారడేనే ఆయన. తాము తయారుచేసిన ఉక్కుతో క్షౌరపు కత్తులు చేయించి మిత్రులకు కానుకగా పంపాడు కూడా.

ఈ ఉక్కు ఏ ఒక్క కులానిదో, ఏ ఒక్క తెగదో అని మనం చెప్పడం లేదు. ఖనిజం ఏరినవారు, బొగ్గు కాల్చినవారు, తిత్తి ఊదినవారు, సమ్మెట కొట్టినవారు ఎందరో ఉన్నారు. కానీ ఒక విషయం గమనించండి. స్టోడార్ట్ పేరు మనకు తెలుసు, అతని దుకాణం ఏ వీధిలో ఉండేదో కూడా తెలుసు. ఆ ఉక్కు కాచిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

కొలిమి చల్లారింది ఎందుకు?

ఇనుము కరిగించాలంటే ఖనిజం కంటే ఎక్కువగా కావలసింది కట్టెబొగ్గు. బొగ్గు కావాలంటే అడవి కావాలి. 1878లో భారత అటవీ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. రిజర్వు అడవుల్లో చెట్టు కొట్టడం, బొగ్గు కాల్చడం, పోడు చేయడం నేరాలయ్యాయి. అదే సమయంలో ఇంగ్లండు కర్మాగారాల చవక ఇనుము ఓడల్లో వచ్చి సంతల్లో దిగింది. రెండువైపుల నుంచి దెబ్బ తగిలి ఇనుము కరిగించే కొలుములు చల్లారిపోయాయి. మధ్య భారతంలో ఇనుము కరిగించి బతికిన అగారియా తెగ గురించి వెరియర్ ఎల్విన్ 1942లో ప్రచురించిన పుస్తకం చదివితే, కొలిమి మీద పన్ను, అడవి మీద ఆంక్ష, బయటి ఇనుము కలిసి ఒక జాతి వృత్తిని ఎలా దెబ్బతీశాయో తెలుస్తుంది.

మన ప్రాంతంలో కరిగించే పని పోయినా, సాగగొట్టే పని మిగిలింది. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో కమ్మర అనే తెగ ఈనాటికీ ఉంది. ఏజెన్సీ ఊళ్లకు గొడ్డలి, కొడవలి, నాగలి కర్రు, కత్తి చేసిపెట్టింది కమ్మరులే. హైమన్‌డార్ఫ్ 1940ల్లో నల్లమల చెంచుల గురించి, పాపికొండల కొండరెడ్ల గురించి రాసిన పుస్తకాలు చూస్తే, ఆ ఇళ్లలో ఉన్న సొత్తు ఎంత తక్కువో, ఆ తక్కువలో ఇనుప పనిముట్టు విలువ ఎంత ఎక్కువో అర్థమవుతుంది. విల్లు, గొడ్డలి, కత్తి, దుంపలు తవ్వే గసిక. వీటితోనే తేనె తీశారు, వెదురు చీల్చారు, బుట్ట అల్లారు, ఇల్లు కట్టారు, ఆకలి తీర్చుకున్నారు.

ఇప్పుడు ఇంకో దృశ్యం. బైలాడిల్లా కొండల ఇనుప ఖనిజం అరకు లోయ మీదుగా రైల్లో విశాఖపట్నం రేవుకు పోతోంది. 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను ముఖ్యంగా ఆ ఖనిజం కోసమే. మన కొండల పక్క నుంచి రోజూ బండ్ల కొద్దీ ఇనుము కదిలిపోతోంది. మన సంతలో కమ్మరి మాత్రం పాత లారీ కమాను పట్టీ ముక్క కోసం పాత ఇనుము దుకాణాల చుట్టూ తిరుగుతాడు.

పనిముట్టు ఆయుధం ఎప్పుడైంది?

1879లో రంప ప్రాంతం తిరగబడింది. ద్వారబంధాల చంద్రయ్య లాంటివారు నాయకత్వం వహించారు. కారణాల్లో ఒకటి కల్లు మీద పన్ను. తన చెట్టును తన కత్తితో గీసుకుని తాగే కల్లుకు కూడా సర్కారుకు, దొరకు కట్టాలన్నారు. పన్ను కల్లు మీదే, కానీ అది తగిలింది గీత కత్తి పట్టిన చేతికి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి తుపాకులు తీసుకుంది. మన్యం చేతిలో అప్పటిదాకా ఎక్కువగా ఉన్నవి విల్లు, కత్తి, గొడ్డలి. తుపాకులతో నిలబడాలంటే తుపాకులే కావలసి వచ్చాయి.

1878లోనే ఆయుధాల చట్టం కూడా వచ్చింది. అదే ఏడాది అటవీ చట్టం. రెండూ ఒకే సంవత్సరం పుట్టాయని యువత గుర్తుపెట్టుకోవాలి. ఒక చట్టం అడవిని తీసుకుంది, ఇంకో చట్టం ఆయుధాన్ని సర్కారు అనుమతికి లోబరిచింది. ఇక 1882 మద్రాసు చట్టం నుంచి 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం దాకా ఒక అధికారం కొనసాగింది. అటవీ నేరం జరిగిందని అనుమానిస్తే, సరుకుతో పాటు పనిముట్లను కూడా స్వాధీనం చేసుకోవచ్చు. గొడ్డలి పోయిన ఇంటికి ఆ సీజను పని పోయినట్టే. ఏజెన్సీలో ఏ పెద్దమనిషిని అడిగినా ఈ బాధ చెబుతారు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు వంటి చిన్నతరహా అటవీ ఫలసాయంపై మనకు యాజమాన్య హక్కు ఉందని చట్టమే ఒప్పుకుంది. ఆ ఫలసాయం తీయాలంటే చేతిలో కత్తి ఉండాలి. కాబట్టి ఇప్పుడు మన చేతిలోని కత్తి హక్కుకు పనిముట్టు. పిల్లలకు కానుకగా ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పి ఇవ్వాలి. అదే సమయంలో ఆయుధాల నిబంధనలూ తెలుసుకోవాలి. ఇంటి పని, వ్యవసాయం, శాస్త్ర, పరిశ్రమల పనులకు చేసినవి కాకుండా, 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. మనం మాట్లాడుతున్న జేబు చాకు అలుగు మూడు, మూడున్నర అంగుళాలు దాటదు.

ఇతర కొండల వాళ్లు ఏం చేశారు?

ఫ్రాన్సులోని సవోయ్ కొండ ప్రాంతంలో ఒక పనిముట్ల కమ్మరి కొడుకు జోసెఫ్ ఒపినెల్. 1890లో, 18 ఏళ్ల వయసులో, కొయ్య పిడితో ఒక సాదా మడత కత్తి చేశాడు. మొదట మిత్రుల కోసం చేశాడు. తర్వాత రైతులు, పశువుల కాపరులు కొన్నారు. 1897కి 1 నుంచి 12 దాకా నంబర్లు వేసి పన్నెండు సైజులు తెచ్చాడు. అలుగు పొరపాటున మూసుకుపోకుండా తిప్పి బిగించే ఇనుప కడియం 1955లో చేర్చారు. ఇప్పటికీ ఆ సాదా రూపం పెద్దగా మారలేదు.

స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో ఇబాహ్ అనే ఊళ్లో కొలిమి పెట్టాడు. అప్పట్లో ఆ కొండ ప్రాంతంలో పని దొరక్క యువకులు దేశం విడిచి వలస పోయేవారు. సైన్యానికి కావలసిన కత్తులు జర్మనీ నుంచి వచ్చేవి. ఎల్సెనర్ తోటి కమ్మరులను ఒక సంఘంగా కూడగట్టి 1891లో సైనికుల కత్తి తానే సరఫరా చేశాడు. 1897లో వచ్చిన ఆఫీసర్ల కత్తి ఈనాడు ప్రపంచమంతా తెలిసిన స్విస్ చాకు. తల్లి విక్టోరియా పేరు మీదే విక్టోరినాక్స్ అన్న పేరు వచ్చింది.

ఉత్తర ఐరోపాలోని సామీ ప్రజలు మనలాంటి ఆదివాసులే. రెయిన్‌డీర్లను మేపుకునే వారి ఇళ్లలో కత్తి పిడి బిర్చి కొయ్యతో, రెయిన్‌డీర్ కొమ్ముతో చేస్తారు, ఒర మీద తమ ప్రాంతపు నగిషీ చెక్కుతారు. పొరుగున ఫిన్లాండులో పుక్కో అనే కత్తిని కానుకగా ఇవ్వడం పెద్ద గౌరవం.

మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని రామ్‌పూర్ చాకుకు వేరే కథ. చేతిపని గొప్పదే. కానీ హిందీ సినిమాలు దాన్ని రౌడీ చేతిలో పెట్టాయి, ఆంక్షలు వచ్చాయి, పనివాళ్లు తగ్గిపోయారు. 2023లో ఆ ఊరి కూడలిలో సుమారు 20 అడుగుల చాకు నిలబెట్టి పోయిన పేరు తిరిగి తెచ్చుకునే ప్రయత్నం చేశారు. వస్తువుకు చెడ్డ పేరు వస్తే పనివాడి పొట్ట మీద దెబ్బ పడుతుందని రామ్‌పూర్ చెబుతోంది. వస్తువు మీద పేరు చెక్కుకుంటే ఊరే నిలబడుతుందని ఇబాహ్ చెబుతోంది.

కానుక ఎంచుకునేటప్పుడు

ఇక అసలు పనికి వద్దాం. ఎవరికి ఇస్తున్నామో ముందు ఆలోచించాలి. తేనె తీసే అన్నకు, వెదురు పని చేసే అక్కకు, వ్యవసాయ డిప్లొమా చదివే తమ్ముడికి, అంగన్‌వాడీలో పనిచేసే వదినకు కావలసిన చాకులు వేరువేరు. చిన్నపిల్లలకు వద్దు. పని నేర్చిన వయసు వచ్చాక, ఇంటి పెద్దల ముందు ఇవ్వాలి.

అలుగు: కార్బన్ ఉక్కు అయితే పదును బాగా పడుతుంది, సాన రాయి మీద తేలిగ్గా నూరుకోవచ్చు. కానీ వానాకాలం ఏజెన్సీలో రెండు రోజులకే తుప్పు పడుతుంది. వాడాక తుడిచి కాస్త నూనె రాయాలి. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు భయం తక్కువ, పుల్లటి పండు కోసినా మచ్చ పడదు.

బిగింపు: తెరిచాక అలుగు కదలకుండా ఉండాలి. గట్టి పని చేసేవారికి లాక్ ఉన్నది మేలు. లాక్ లేకపోతే వేళ్లు తెగుతాయి. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే రకం మాత్రం కొనవద్దు. ఢిల్లీ వంటి చోట్ల వాటిపై ప్రత్యేక నిషేధాలున్నాయి, పైగా పనికి వాటి అవసరమే లేదు.

పిడి: చేతిలో ఇమడాలి, తడి చేతిలో జారకూడదు. మెరుపు చూసి మోసపోవద్దు.

ఎక్కడికి తీసుకెళ్లకూడదు: పరీక్ష హాలు, కాలేజీ, మెట్రో రైలు, కోర్టు, విమానంలో చేతి సంచి. హైదరాబాదు, విశాఖ వెళ్లే పిల్లలకు ఈ మాట మరీ మరీ చెప్పాలి. మన పిల్లాడి సంచిలో చాకు కనబడితే పక్కవాడి సంచిలో కనబడినప్పటికంటే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. అది అన్యాయమే. కానీ అది తెలిసి జాగ్రత్తగా ఉండటం పిరికితనం కాదు.

స్నేహం తెగుతుందన్న భయానికి ఐరోపావాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. కత్తి కానుకగా పుచ్చుకున్నవారు ఒక నాణెం తిరిగి ఇస్తారు. అప్పుడది కొన్నట్టు లెక్క, స్నేహానికి ఢోకా లేదు. మన పెద్దలు ఒప్పుకోకపోతే మనమూ ఒక రూపాయి తీసుకుందాం.

మన కమ్మరి దగ్గరే చేయిద్దాం

ఆన్‌లైన్‌లో విదేశీ చాకు దొరుకుతుంది, బాగానే ఉంటుంది. కొనుక్కోవద్దని మనం అనం. కానీ ఒక కానుకకైనా మీ సంతలోని కమ్మరి దగ్గరకు వెళ్లండి. కమాను పట్టీ ముక్క తీసుకుని, కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగగొట్టి, నీట ముంచి పదును పెట్టడం దగ్గరుండి చూడండి. మడిచే చాకు ఆయనకు అలవాటు లేకపోతే తోలు ఒరతో చిన్న కత్తి చేయించండి. బేరం మరీ గట్టిగా ఆడకండి. ఆయన కొడుకు ఈ పని నేర్చుకుంటున్నాడా, లేక పట్నం పోయి వాచ్‌మన్ పని చేస్తున్నాడా అడగండి. ఇబాహ్‌లో 1884లో ఎదురైన సమస్యే మన ముందు ఇప్పుడు ఉంది.

ఇంకో రెండు పనులు చేయండి. పిడి మీదో, అలుగు మీదో ఆ కమ్మరి పేరు, ఊరు పేరు చెక్కించండి. ఆయన చేతిలోని ప్రతి పనిముట్టుకు, కత్తిలోని ప్రతి భాగానికి కోయలో, గోండిలో, కొలామీలో, సవరలో, కువిలో ఏమంటారో పెద్దలను అడిగి రాసుకోండి. కొలిమి చల్లారితే ఆ మాటలూ దానితోనే పోతాయి. రాసినవి సంఘానికి పంపితే వచ్చే ఏటి సావనీరులో ఆ కమ్మరుల పేర్లు, ఊళ్లు, వారి మాటలు కలిపి అచ్చు వేద్దాం.

రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో చాకు చేసినవాడి పేరు మిగిలింది, ఉక్కు చేసినవాడి పేరు మిగల్లేదు. ఈసారి మన చాకు మీద మన కమ్మరి పేరు ఉండాలి.

జోహార్!